గాలాడని వార్డుకి మొదటి బహుమతి

గవర్నర్‌పేటలో ఒక లాడ్జి కింది అంతస్తులో మీటింగ్ హాలుంది. నిశ్చితార్థాల దగ్గర్నుంచి ఎరువుల డీలర్ల సమావేశాల దాకా అన్నీ అందులోనే జరుగుతాయి. ప్రభుత్వాసుపత్రుల్లో కరెంటు వాడకం తగ్గించాలి, భూమికి మన వంతు మేలు చేయాలి అని మమ్మల్నందరినీ పిలిచి చెప్పింది కూడా అక్కడే. ఆ రోజు ఏసీ రిమోట్ ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియలేదు. హాలు గడ్డకట్టిపోయింది. ముందు వరుసలోని పెద్ద డాక్టర్లు తమకు సన్మానంగా కప్పిన శాలువాల్ని తీయకుండా, ఇంకా దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. ఎండలు ముదిరిపోతున్నాయని స్టేజీ మీద మాట్లాడుతున్నాయన పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. నేను హెడ్ నర్సుని. నర్సులకు శాలువాలు కప్పరు. కొంగు భుజాల చుట్టూ తిప్పుకుని వణుకుతూ విన్నాను.

ఉపన్యాసాలన్నీ అయ్యాక, "ఎవరికైనా సందేహాలున్నాయా?" అని అడిగారు. ఇలాంటి చోట సందేహాలు ఉండకూడదు. ఉన్నా వాటిని ఇంటికి తీసుకెళ్లాలి. సర్వీసులో ఇన్నేళ్లుండి ఆ సంగతి తెలిసి కూడా నేను లేచి నిలబడ్డాను.

"సార్, మాది బాలింతల వార్డండి. పై అంతస్తు. స్లాబు వేడికి తల్లులూ పిల్లలూ ఉడికిపోతన్నారండి. దానికేమన్నా చేస్తారా అండీ?"

హాలు హాలంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది. మా ప్రాంతంలోని ప్రభుత్వాసుపత్రులన్నిటికీ ఈ పచ్చదనం వ్యవహారం చూసే పెద్దాఫీసరు గారు స్టేజీ మీదే ఉన్నారు. ఆయన శాలువా సర్దుకుని, "మంచి ప్రశ్న వేశారు. సిస్టర్ గారి వార్డుతోనే మొదలుపెడదాం," అన్నారు. అందరూ గట్టిగా చప్పట్లు కొట్టారు. పని తమ నెత్తిన పడనందుకు కొట్టిన చప్పట్లవి.

అలా నేను మా ఆసుపత్రికి హరిత బాధ్యురాలినయ్యాను. మెడలో వేసుకోమని ఆకుపచ్చ ట్యాగొకటి ఇచ్చారు. అదీ ప్లాస్టిక్కే.

మా ఆసుపత్రి విజయవాడ నుంచి చల్లపల్లి వైపు పోయే బస్సులు ఆగే ఒక ఊళ్లో ఉంది. ఊరి పేరు చెప్పను. చెబితే మా పాత సూపరింటెండెంట్ గారు రిటైరై కూడా ఊరుకోరు, ఫోన్ చేసి చివాట్లు పెడతారు. బాలింతల వార్డుని పై అంతస్తులో ఎందుకు పెట్టారో నాకిప్పటికీ అర్థం కాలేదు. కుట్లతో ఉన్న ఆడవాళ్లని మెట్లెక్కించి, నేరుగా సూర్యుడి కింద పడుకోబెట్టడమంటే అది ఎవరో బాగా ఆలోచించి చేసిన పనే అయ్యుండాలి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ వార్డులో కుళాయి తిప్పితే కాచిన నీళ్లొచ్చేవి. ఎప్పుడో దాతలెవరో ఏసీలు కొనిచ్చారట. చల్లదనం బయటికి పోకూడదని అప్పట్లో గోడల పైనున్న వెంటిలేటర్లన్నీ ఇటుకలతో మూసేశారు. ఏసీలు రెండెండలు చూసి చచ్చిపోయాయి. ఇటుకలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

మీటింగ్ అయిన కొన్నాళ్లకు విజయవాడ నుంచి ఇంజనీరు గారొకరు దిగారు. నడివయసు మనిషి, బట్టతల, చేతిలో అగరుబత్తి కట్ట. ఆయనకి గాలంటే పిచ్చి. మాట్లాడితే గాలి గురించే మాట్లాడేవారు. వచ్చీ రాగానే ఒక అగరుబత్తి వెలిగించి, వార్డులో మూలమూలకీ వెళ్లి దాన్ని పట్టుకుని, పొగ ఎటు పోతుందో చూడటం మొదలుపెట్టారు. గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో తెలుసుకునే పద్ధతట అది. మంచాల మీదున్న ఆడవాళ్లకి ఆ సంగతేం తెలుసు? ఆయన దగ్గరికి రాగానే ఒక్కొక్కరే లేచి దణ్ణం పెట్టుకున్నారు. ఒకావిడైతే మనవడి నుదుట కాస్త విభూతి పెట్టమని అడిగింది. ఆయన బిక్కమొహం వేసి నా వంక చూస్తే, పెట్టేయండి సార్, పోయేదేముంది అన్నాను.

మనిషి మాత్రం పని తెలిసినవాడు. మొండివాడు కూడా. డాబా మీద తెల్లటి పూత వేయించారు. ఇటుకలు కొట్టించి వెంటిలేటర్లు తెరిపించారు. తుప్పు పట్టి బిగుసుకుపోయిన కిటికీ రెక్కలు మార్పించారు. "కింద నుంచి చల్లగాలి వస్తుంది మేడమ్, పై నుంచి వేడిగాలి పోతుంది. ఫ్యాన్లు మధ్యలో కాస్త సాయం చేస్తే చాలు. ఏసీల అవసరమే లేదు," అన్నారు. అన్ని ఆసుపత్రుల్లోనూ ప్రతి వార్డుకీ విడిగా కరెంటు మీటరు పెట్టించారు. ఏ వార్డు కరెంటు తక్కువ వాడితే దానికి మొదటి బహుమతి. ఆ వార్డులో ఏ పద్ధతి పాటించారో అదే మిగతా ఆసుపత్రులన్నిటిలో, హనుమాన్ జంక్షన్ అవతల నుంచి సముద్రం ఒడ్డు దాకా పెడతారని చెప్పారు.

పని పూర్తయిన రోజు వార్డు ఖాళీగా ఉంది. మధ్యాహ్నం దాటాక పైరగాలి మొదలైంది. ఒక కిటికీలోంచి వచ్చి, మంచాల మీదుగా పాక్కుంటూ వెళ్లి, అవతలి వెంటిలేటర్లోంచి పోయింది. నేను ఒక మంచం మీద కాళ్లు చాపుకుని పడుకున్నాను. ఆ వార్డులో చెమట పట్టకుండా ఒక మధ్యాహ్నం గడపడం నా సర్వీసులో అదే మొదలు. సంతోషంతో కళ్లు చెమర్చాయి. ఆ సంతోషం మర్నాడు పొద్దున్న బాలింతలు వచ్చేదాకా ఉంది.

బాలింతలు వాళ్లంతట వాళ్లు రారు కదా. వాళ్ల వెనక అమ్మమ్మలూ నాయనమ్మలూ వస్తారు. ఫ్లాస్కులు, కారప్పొడి సీసాలు, పాత పంచెల మూటలు పట్టుకుని వార్డులోకి అడుగుపెట్టి, తెరిచి ఉన్న కిటికీల్ని చూసి, దొంగని చూసినట్టు గుండెలు బాదుకున్నారు. బాలింతకి గాలి తగలకూడదు. తగిలితే ఒళ్లు నీరు పడుతుంది, చెవుల్లో పోటు వస్తుంది, ముసలితనంలో కీళ్లు పట్టేస్తాయి. అందుకని బాలింత తలకి గుడ్డ కట్టాలి, చెవుల్లో దూది పెట్టాలి, తలుపులూ కిటికీలూ బిడాయించాలి. మా డెల్టాలో అందరూ ఒప్పుకునే విషయం ఇదొక్కటే. కులాలు వేరు, పార్టీలు వేరు, మతాలు వేరు. కిటికీ మూసే దగ్గర అందరిదీ ఒకటే మాట. విజయవాడ పాతబస్తీ నుంచి వచ్చిన ఒక ముస్లిం నానమ్మ రెక్క పట్టుకుంటే, పక్క మంచం దగ్గరి రైతు ఇంటావిడ గడియ పెట్టింది.

"హవా మంచిది కాదు బేటీ, నువ్వు చిన్నపిల్లవి, నీకు తెలీదు," అందా నానమ్మ నాతో. నాకు అప్పటికే జుట్టు నెరిసింది.

నేను పొద్దున్న తెరిచేదాన్ని. టిఫిన్లయ్యేసరికి మూసేసేవాళ్లు. గడియలు ఊడబీకించాను. దుప్పట్లు కట్టారు. దుప్పట్లు లాగేశాను. మందుల అట్టపెట్టెలు చించి వెంటిలేటర్లలో కుక్కారు. అంత ఎత్తుకి ఎలా ఎక్కారో దేవుడికే తెలియాలి. మోకాళ్ల నొప్పులని నా దగ్గర మాత్రలడిగిన మనుషులే వాళ్లు. ఇంజనీరు గారు విజయవాడ నుంచి పెద్ద ఫ్లెక్సీ ఒకటి పంపించారు. దాని మీద పచ్చటి చెట్లు, నవ్వుతున్న తల్లీబిడ్డా, 'సహజమైన గాలి - సంపూర్ణ ఆరోగ్యం' అని పెద్దపెద్ద అక్షరాలు. గోడకి కట్టించాను. సాయంత్రం రౌండ్స్‌కి వచ్చేసరికి అది అన్నిటికన్నా పెద్ద కిటికీకి అడ్డంగా బిగించి ఉంది. కొలిచి కుట్టించినట్టు సరిగ్గా సరిపోయింది. చుక్క గాలి రావడం లేదు.

ఇక ఫ్యాన్ల సంగతి చెప్పక్కర్లేదు. నేను స్విచ్ వేసి అటు తిరిగితే ఇటు ఆపేసేవాళ్లు. లోపల తల్లులు తడిసిముద్దవుతూ, "సిస్టర్, కాస్త వేయండి సిస్టర్," అని గొంతు తగ్గించి బతిమాలేవాళ్లు. వాళ్ల అమ్మలు కళ్లెర్రజేస్తే మళ్లీ దుప్పటి గడ్డం దాకా లాక్కునేవాళ్లు.

కరెంటు మీటరు పాపం ఏం చేస్తుంది? కదలడం మానేసింది. నెల తిరిగేసరికి మొత్తం ఆసుపత్రులన్నిటిలోనూ కరెంటు అతి తక్కువ వాడిన వార్డుగా మా బాలింతల వార్డుకి మొదటి స్థానం వచ్చింది. సూపరింటెండెంట్ గారు స్వీట్లు పంచారు. "సార్, అది గాలి వల్ల కాదండీ, ఫ్యాన్లు ఆపేయడం వల్లండీ," అని నేను చెప్పబోతే, "ఏదో ఒకదాని వల్లమ్మా, తగ్గిందా లేదా?" అన్నారు. ఇంజనీరు గారికి ఫోన్ చేశాను. ఆయన అంతా విన్నారు. తర్వాత, "నా గాలి..." అన్నారు. అంత బాధ నేను భార్య పుట్టింటికి వెళ్లిపోయిన మగవాళ్ల గొంతుల్లో కూడా వినలేదు.

ఈ గొడవలో ఉండగానే మా చెల్లెలికి నెలలు నిండాయి.

అంతకుముందొకసారి దాని కడుపు నిలవలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లకు వచ్చిన కాన్పు ఇది. దాని అత్తగారివాళ్లకి విజయవాడలో బట్టల కొట్టుంది. ఏసీ రూమున్న ప్రైవేటు ఆసుపత్రిలో పురుడు పోయిద్దామన్నారు. చెల్లెలు ఒప్పుకోలేదు. "అక్క ఉన్న చోటే కంటాను," అంది. ఆ మాటకి పొంగిపోయి నేను కూడా, "మా వార్డు ఎంత చల్లగా ఉంటదో చూడు, డాబా అంతా తెల్ల పూత వేయించాం," అని గొప్పలు పోయాను. అప్పటికి ఆ చల్లదనం అనుభవించింది ప్రపంచంలో నేనొక్కదాన్నే.

రోహిణి కార్తె ఎండల్లో ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. తల్లీబిడ్డా క్షేమం. ఆ తర్వాత మా అమ్మ వచ్చింది.

మాది నేతపని కుటుంబం. మా అమ్మ పెళ్లయిన రోజు నుంచి మగ్గం గదిలోనే బతికింది. మగ్గం గదిలోకి వడగాలి వస్తే పోగు ఎండి తెగుతుంది. అందుకని మా ఇంట్లో కిటికీలు గోడకి అందం కోసమే ఉండేవి. అలాంటి మనిషి చేతికి బాలింతనిచ్చి కిటికీ పక్క మంచం ఇచ్చారు. ఆవిడ వార్డంతా ఒకసారి కలయజూసింది. అప్పటికే బిగించి ఉన్న ఫ్లెక్సీని వేలితో నొక్కి చూసి, "బాగానే కట్టారు," అని మెచ్చుకుంది. కింద కొంచెం సందు ఉంటే అందులో పాత పంచె ముక్క కుక్కింది. సాయంత్రానికల్లా వార్డులోని అమ్మమ్మలందరికీ ఆవిడే నాయకురాలు. నేనెవరి మీద కేకలేసినా, "మీ అమ్మగారే మూయించారండీ," అని నా నోరు మూయించేవాళ్లు.

"అమ్మా, ఉక్కకి పిల్ల చచ్చిపోద్దే," అన్నాను.

"నోర్ముయ్. పచ్చిబాలింత మంచం దగ్గర ఆ మాటలేంటి? నువ్వు నర్సువైతే నాకేంటే? నిన్ను ఈ చేతులతోనే పెంచా. గాలి తగలనిచ్చానా నీకు? ఎట్టా ఉన్నావో చూడు, దుంగలాగా."

ఈ వాదనకి నర్సింగ్ పుస్తకాల్లో జవాబు లేదు.

మర్నాటికి పాప ఒళ్లు కాలింది. పాలు తాగడం తగ్గించింది. నాలుగు పొరల పొత్తిగుడ్డల్లో మొహం ఒక్కటే కనిపిస్తూ, కందిపోయి ఉంది. పిల్లల డాక్టరమ్మ వచ్చి పరీక్ష చేసింది. ఆవిడ నెమ్మదస్తురాలు. "ఇది ఉక్క వల్లనే అనుకుంటున్నా సిస్టర్. కానీ ఇన్ఫెక్షన్ కాదని చెప్పలేను. గుడ్డలు తీసి గాలాడనివ్వండి. సాయంత్రానికి జ్వరం దిగకపోతే అంబులెన్సులో విజయవాడ పంపాలి, అక్కడ పసిపిల్లల యూనిట్‌లో పెట్టి రక్తం తీసి చూస్తారు," అంది. తల్లి వెళ్లడానికి లేదు, కుట్లింకా పచ్చిగా ఉన్నాయి. చెల్లెలు ఏడవడం మొదలుపెట్టింది. శబ్దం బయటికి రాకుండా, కుట్ల మీద చెయ్యి పెట్టుకుని ఏడుస్తోంది. "అక్కా, దాన్ని పంపించొద్దక్కా. ఇది కూడా పోతే నేను బతకనక్కా," అంది.

ఎంతమంది పిల్లల్ని అలా అంబులెన్సు ఎక్కించానో. ధైర్యంగా ఉండమని వాళ్ల తల్లులకి తేలిగ్గా చెప్పేదాన్ని. ఆ రోజు భయమేసింది.

పొత్తిగుడ్డలు విప్పబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "జ్వరమున్న పిల్లకి గుడ్డ విప్పుతావా? నీకు మతుందా?" అంది. ఫ్యాన్ వేస్తే ఆపింది. నేను ఫ్లెక్సీ మీద చెయ్యి వేస్తే అడ్డంగా నిలబడింది. పట్టుదలకి చేస్తోందనుకుని ఒళ్లు మండింది నాకు. తర్వాత ఆవిడ మొహం చూశాను. చూపు పాప మీంచి కదలడం లేదు. ముందుసారి పోయిన కడుపు గురించి కూతురికెంత భయముందో ఆవిడకీ అంతే ఉంది. దానికి మందుగా ఆవిడకి తెలిసింది కిటికీ మూయడమొక్కటే.

సరిగ్గా అప్పుడే కింద నుంచి కబురొచ్చింది. పెద్దాఫీసరు గారు వస్తున్నారు. మొదటి బహుమతి వార్డుని కళ్లారా చూసి, ఇదే పద్ధతిని అన్ని ఆసుపత్రులకీ పెట్టేస్తారట. సూపరింటెండెంట్ గారు ముందుగా పరిగెత్తుకొచ్చి, నా బల్ల దగ్గర తిరుగుతున్న ఒక్క ఫ్యాన్‌నీ ఆపించారు, మీటరు చూడటానికి వస్తున్నారు కదా అని. ఆయనా మా అమ్మా ఒకే మాట మీద ఉండటం చూసి అమ్మమ్మలకి ఆయనంటే గౌరవం పెరిగింది.

ఆఫీసరు గారు మిట్టమధ్యాహ్నం ఏసీ కారు దిగి, కోటుతో మెట్లెక్కి వచ్చారు. వెనక ఇంజనీరు గారు, చేతిలో అగరుబత్తి కట్ట. ఆయన మూసి ఉన్న తన కిటికీల్ని చూసి అక్కడే నిలబడిపోయారు. సూపరింటెండెంట్ గారు సన్మానం మొదలుపెట్టారు. ఒక బంతిపూల దండ వేశారు. ఒక శాలువా కప్పారు. డాక్టర్ల సంఘం వారిదని ఇంకొకటి కప్పారు. ఉద్యోగులది మరొకటి.

"అద్భుతం," అన్నారు ఆఫీసరు గారు, చెమట తుడుచుకుంటూ. "ఫ్యాన్లు కూడా లేకుండా నడుపుతున్నారు. ఇక్కడ ఫ్యాన్లు వాడట్లేదు కాబట్టి, మిగతా ఆసుపత్రుల్లో కూడా సగం తీసేయొచ్చేమో చూద్దాం."

చల్లపల్లి నుంచి హనుమాన్ జంక్షన్ దాకా ఎన్ని వార్డులో, ఎందరు పిల్లలో, అందరినీ ఈ ఉక్కలో వేస్తానంటున్నాడీ పెద్దమనిషి. అదీ నా వార్డుని చూపించి. నోరు తెరిచాను. ఏమనబోయానో నాకిప్పుడు గుర్తు లేదు, ఉద్యోగం ఊడే మాటే అయ్యుండాలి. అనే అవసరం రాలేదు.

ఆఫీసరు గారు, "సిస్టర్ గారూ, మీ అనుభవం..." అని, వాక్యం పూర్తి చేయకుండా కళ్లు తేలేశారు. మూడు శాలువాలతో, బంతిపూల దండతో, ఇద్దరు డాక్టర్ల మీదుగా మా చెల్లెలి పక్కనున్న ఖాళీ మంచం మీద కూలబడ్డారు.

ఆ తర్వాత జరిగింది నేను ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు. డాక్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే అమ్మమ్మలు ఒక్కసారిగా లేచారు.

"గాలి తగలనియ్యండి! చుట్టూ మూగకండి!"

"ఆ శాలువాలు తియ్యండయ్యా, మనిషి ఉడికిపోతన్నాడు!"

"కిటికీలు తెరవండే! ఫ్యాను ఎయ్యవే, చూస్తావేంటి!"

అట్టపెట్టెలు ఊడిపడ్డాయి. దుప్పట్లు ఎగిరాయి. అన్ని ఫ్యాన్లూ ఒకేసారి తిరిగాయి. పాతబస్తీ నానమ్మ తన ఫ్లాస్కులోని వేడినీళ్లు పక్కన పెట్టి, ఎవరిదో చన్నీళ్ల సీసా లాక్కుని ఆయన మొహాన కొట్టింది. మా అమ్మయితే ఫ్లెక్సీ తాళ్లు తెంచి, 'సంపూర్ణ ఆరోగ్యం' అని ఉన్న ముక్కని మడతపెట్టి, ఆయన మొహం మీద టపటపా విసరడం మొదలుపెట్టింది. కిటికీలోంచి గాలి ఒక్కసారిగా లోపలికొచ్చింది. బయట వేప చెట్ల మీదుగా వచ్చిన గాలి అది, ఆ ఎండలో కూడా ప్రాణం లేచొచ్చింది. ఇంజనీరు గారు ఆ హడావిడిలోనే అగరుబత్తి వెలిగించి, పొగ పైకి పాకి వెంటిలేటర్లోంచి పోవడం చూసి, "పోతోంది! మేడమ్, పోతోంది!" అని కేకలేశారు. ఆఫీసరు గారే పోతున్నారనుకుని సూపరింటెండెంట్ గారు కాళ్లు చేతులు ఆడక కుర్చీలో కూలబడ్డారు.

కాసేపటికి ఆఫీసరు గారు కళ్లు తెరిచారు. "ఏమైంది?" అన్నారు.

"ఏం కాలేదు నాయనా, గాలాడక పడిపోయావు," అంది మా అమ్మ.

ఆయన్ని కిందికి తీసుకెళ్లారు. అమ్మమ్మలు ఊపిరి పీల్చుకుని, కొంగులతో మొహాలు తుడుచుకుని, ఒక్కొక్కరే మళ్లీ కిటికీల వైపు నడిచారు. మా అమ్మ కూడా ఫ్లెక్సీ ముక్క తీసుకుని లేచింది. నేను ఎదురుగా నిలబడ్డాను. అరవలేదు. అరిచే ఓపిక లేదు.

"అమ్మా, అంత మనిషికి గాలి కావాల్సొచ్చిందే. మరి దీనికి అక్కర్లేదా?"

అమ్మ పాప వైపు చూసింది. చెల్లెలి వైపు చూసింది. వార్డంతా ఆవిడ వంకే చూస్తోంది. ఆవిడ ఏం చేస్తే వాళ్లూ అదే చేస్తారు. ఫ్లెక్సీ ముక్కని మంచం కింద పడేసింది. పాప పొత్తిగుడ్డలు తనే విప్పింది, ఒక్కొక్క పొరా నెమ్మదిగా. చివరి గుడ్డ మాత్రం ఉంచింది. తర్వాత స్టూలు ఒకటి లాక్కుని తెరిచిన కిటికీకీ చెల్లెలి మంచానికీ మధ్య వేసుకుని, గాలికి వీపు పెట్టి కూర్చుంది.

"దానికి నేరుగా కొట్టకూడదు. నాకే కొట్టనీ ఏదో. నేనేమన్నా బాలింతనా?" అంది. అని, చెల్లెలి చెవుల్లో దూది సరిచేసి, తన చెవుల్లో కూడా ఇంత దూది పెట్టుకుంది.

అలా సాయంత్రం దాకా కూర్చుంది. కాళ్లు చాపలేదు, జారబడలేదు. నేను టీ ఇస్తే తాగింది, పడుకోమంటే పడుకోలేదు. గాలి ఆవిడ వీపుని కొట్టి, రెండు పక్కల నుంచీ చీలి మంచం మీదికి మెల్లగా వెళ్లేది. మిగతా అమ్మమ్మలు కూడా చూసి చూసి, గొణుక్కుంటూ, స్టూళ్లు లాక్కుని తమతమ కిటికీల ముందు కూర్చున్నారు. ఆ మధ్యాహ్నం వార్డులో వరసగా అన్నీ వీపులే.

దీపాలు పెట్టే వేళకి డాక్టరమ్మ వచ్చి పాప ఒంటి మీద చెయ్యి వేసింది. థర్మామీటరు పెట్టి చూసింది. పాప అప్పుడే పాలు తాగి, గుప్పెట్లు బిగించి నిద్రపోతోంది. "ఎక్కడికీ పంపక్కర్లేదు సిస్టర్," అంది. చెల్లెలు అమ్మ కొంగు పట్టుకుని ఏడ్చింది, ఈసారి గట్టిగానే. నేను బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను. హెడ్ నర్సులు వార్డులో ఏడవకూడదు.

ఆ నెల మా మీటరు గిరగిరా తిరిగింది. మొదటి స్థానం పోయింది. ఎందుకు పెరిగిందో వివరణ ఇమ్మన్నారు. వార్డులో ఫ్యాన్లు తిరుగుతున్నాయని రాసి పంపాను. ఆఫీసరు గారు తను పడిపోయిన సంగతి ఎక్కడా ఎత్తలేదు. కానీ తర్వాతి మీటింగులో, ఇక మీదట యూనిట్లు మాత్రమే కాదు, వార్డులో వేడి ఎంతుందో కూడా చూసి బహుమతి ఇవ్వాలని ఆర్డరు వేశారు. ఫ్యాన్లు తీసే ఆలోచన మానుకున్నారు. ఇంజనీరు గారు మంచాలకి అడ్డంగా, అమ్మమ్మ కూర్చుంటే ఎంత ఎత్తుంటుందో అంత ఎత్తున పల్చటి నూలు తెరలు పెట్టించారు. కొలతకి మా అమ్మని స్టూలు మీద కూర్చోబెట్టి టేపు పట్టారు. ఆ మీటింగు కూడా గవర్నర్‌పేటలోనే జరిగింది. ఆఫీసరు గారు శాలువా వద్దన్నారు.

ఇదంతా నేను గెలిచానని చెప్పడానికి రాయడం లేదు. ఆ రోజు సాయంత్రం స్టూలు మీంచి లేవబోయిన మా అమ్మకి మెడ పట్టేసింది. అటూ తిరగలేదు, ఇటూ తిరగలేదు. నేనే కూర్చోబెట్టి నొప్పి మందు రాశాను.

"చూశావా? గాలి తగిలితే ఏమైద్దో చెప్తే విన్నావా?" అంది, మెడ ఒక పక్కకి పెట్టుకునే.

"నాకు తగలాల్సింది నీకు తగిలిందా అమ్మమ్మా," అని ఇప్పుడా పిల్ల మాటలు నేర్చి ఆవిడ్ని ఆటపట్టిస్తుంది. చెల్లెలు నేర్పిందిలే. ఎండాకాలం సెలవులకి అందరం కలిస్తే మా అమ్మ కిటికీలన్నీ మూసి, మనవరాలు పడుకునే వైపుది మాత్రం తెరిచి, దానికి అడ్డంగా చాప వేసుకుని పడుకుంటుంది. పొద్దున్నే మెడ పట్టేసిందని నన్ను తిడుతుంది. నేను మందు రాస్తాను.